నిద్ర కోసం ఏం కొనాలి? మెలటోనిన్ నుంచి రూల్ నోట్‌బుక్కు దాకా, వరంగల్‌లో దొరికేవాటి రివ్యూ

హన్మకొండ చౌరస్తాలోనో ఎంజీఎం ఆసుపత్రి ఎదురుగానో మెడికల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ బేరం చెవిన పడుతుంది. "అన్నా, రాత్రిళ్లు నిద్ర పడుతలేదు, ఏదన్న మంచి గోలీ ఉంటే ఇయ్యి." "డాక్టర్ చిట్టీ ఉన్నదా?" "లేదన్నా." చిట్టీ లేనివాళ్ల చేతికి వచ్చేది మెలటోనిన్ షీటో, జలుబు గోలీయో, అశ్వగంధ డబ్బానో. పరుపుల షాపుకు పోతే పరుపు మారిస్తే నిద్ర అదే వస్తదంటారు. ఫోన్ తెరిస్తే నిద్రకు మార్కులేసే వాచీ కనబడుతుంది. ఇవన్నీ కొని, వాడి, అటక మీద పెట్టి ఇంకా మేలుకొనే ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. అందుకే నిద్ర పేరు మీద అమ్ముడయ్యే సరుకంతా ఒక్క వరుసలో పెట్టి, ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ తేడా కొడుతుందో చూద్దాం.

ముందు కొనేవాళ్లకు ఉన్నదేమిటో తేలాలి. బిడ్డ పెండ్లి ముందర రెండు రాత్రులు నిద్ర పట్టకుంటే దానికి మందక్కర్లేదు. వారంలో కనీసం 3 రాత్రులు, 3 నెలలకు తగ్గకుండా సాగి, పగటి పని మీద దెబ్బ పడితేనే డాక్టర్లు దాన్ని నిద్రలేమి జబ్బని రాస్తారు. అందులో పండుకున్నాక ఎంతకీ పట్టకపోవడం ఒక తీరు, నడిరాత్రి లేచాక మళ్లీ పట్టకపోవడం ఇంకో తీరు, తెల్లవారక ముందే మెలకువ వచ్చి అంతటితో సరి కావడం మరో తీరు. కొందరికి అన్నీ కలిసే ఉంటాయి. ఇంకొకటి గమనించాలి: నిద్రలేమి ఉన్న మనిషి పగలంతా అలిసిపోయి ఉంటాడు గానీ, పండుకుంటే పట్టదు. కరీంనగర్ బస్సెక్కి హసన్‌పర్తి దాటకముందే గురక తీసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఇక్కడి గోలీలూ పరుపులూ వదిలేసి నేరుగా గురక పరీక్ష దగ్గరికి పోవడం మంచిది.

నిద్ర చెడి చెడినట్టే ఎందుకు ఉండిపోతుందో ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు 1980లలో చెప్పిన లెక్క ఇప్పటికీ నిలబడింది. కొందరిది పుట్టుకతోనే తేలిక నిద్ర. దాని మీద అప్పో, రోగమో, మిర్చి రేటు పడిపోవడమో, ఇంట్లో చావో వచ్చి పడుతుంది. అదీ కొన్నాళ్లకు సద్దుమణుగుతుంది. నిద్ర మాత్రం తిరిగి రాదు. ఎందుకంటే ఆ నెలల్లో మనిషికి కొత్త అలవాట్లు పడతాయి. పోయిన నిద్ర తెచ్చుకుందామని తొమ్మిదింటికే పక్క ఎక్కుతాడు, తెల్లారినా దిగడు, మధ్యాహ్నం గంటన్నర కునుకు తీస్తాడు, మెలకువ వచ్చినప్పుడల్లా టైము చూస్తాడు. మొదటి కారణం ఎప్పుడో పోయినా జబ్బును సాకుతున్నవి ఇవే. కొన్న వస్తువు ఈ అలవాట్లను తగ్గిస్తుందా, ఇంకా పెంచుతుందా? మార్కులు వేసింది ఆ ఒక్క ప్రశ్న మీదే.

మెలటోనిన్

3, 5, 10 మిల్లీగ్రాముల గోలీలు, నోట్లో కరిగే స్ట్రిప్పులు, పండు రుచి గమ్మీలు, అన్నీ దొరుకుతాయి. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే పదార్థం ఇది. మామూలుగా నిద్ర వేళకు సుమారు 2 గంటల ముందు మొదలవుతుంది. ఒంటికి "రాత్రయింది" అని కబురు చెప్పడమే దీని పని, మత్తు ఇవ్వడం కాదు. అందుకే పడుకునే నిమిషంలో వేసుకుని, ఇంకా మత్తు రాలేదేమని ఎదురుచూసేవాళ్లకు నిరాశే మిగులుతుంది. 19 అధ్యయనాలను కలిపి 2013లో వేసిన లెక్కలో, మెలటోనిన్ వేసుకున్నవాళ్లకు నిద్ర సగటున 7 నిమిషాలు ముందు పట్టింది. నడిరాత్రి మెలకువలకు దీంతో దాదాపు ఏమీ ఒరగదు.

ఇది పనికొచ్చేది ఒక రకం మనిషికి: ఒంటిగంట దాకా పట్టదు, పట్టాక తొమ్మిదింటి దాకా హాయిగా పోతుంది, సెలవు రోజు ఏ బాధా లేదు. హాస్టల్ పిల్లల్లో ఈ తీరు చాలా ఎక్కువ. అది నిద్రలేమి కిందికి రాదు, లోపలి గడియారం వెనక్కి జరగడం అంతే. వాళ్లు తక్కువ మోతాదు, అరనుంచి 3 మి.గ్రా. లోపు, మామూలుగా నిద్ర పట్టే టైముకు నాలుగైదు గంటల ముందు డాక్టర్‌ను అడిగి వేసుకుని, పొద్దున లేవంగనే అరగంట ఎండలో తిరిగితే గడియారం మెల్లగా ముందుకొస్తుంది. మూడుకు బదులు పది మి.గ్రా. వేస్తే మూడింతలు పని చేస్తుందన్న నమ్మకం తప్పు. మర్నాడు తలబరువు, చిత్రమైన కలలు మాత్రం పెరుగుతాయి.

గమ్మీల మీద ఇంకో అనుమానం ఉంది. కెనడాలో 31 రకాల మెలటోనిన్ సరుకును పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, డబ్బా మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్నదీ దొరికింది, 478 శాతం ఎక్కువ ఉన్నదీ దొరికింది. కొనక తప్పకపోతే బ్యాచి నంబరు, తయారీ లైసెన్సు నంబరు ఉన్న గోలీనే కొనాలి. గర్భిణులు, రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు అడగకుండా ముట్టుకోవద్దు. మార్కులు: గడియారం జరిగిన కుర్రవాళ్లకు అయిదుకు మూడు, మిగతా అందరికీ ఒకటి.

నిద్రగోలీ

అల్ప్రాజోలం, జోల్పిడెం లాంటివి. షీటు వెనక్కి తిప్పి చూడండి. ఎర్ర అక్షరాల్లో ఎన్ఆర్ఎక్స్ గుర్తు, ఎర్ర గీతల పెట్టెలో డాక్టర్ చిట్టీ లేకుండా అమ్మవద్దనే షెడ్యూల్ హెచ్1 హెచ్చరిక ఉంటాయి. ఆ పెట్టె ఉన్న మందును అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు డాక్టర్ పేరు, పేషెంటు పేరు, ఇచ్చిన గోలీల సంఖ్య వేరే రిజిస్టర్‌లో రాసి 3 ఏండ్లు దాచాలి. 2014 మార్చి నుంచి ఉన్న రూలు ఇది. చిట్టీ లేకుండా నాలుగు గోలీలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తే, కత్తెర పడ్డది గోలీల మీదే కాదు, ఆ హెచ్చరిక మీద కూడా. పేరు, మోతాదు, ఎక్స్‌పైరీ ఏవీ మీ చేతికి రావు.

పని చేస్తాయా అంటే చేస్తాయి. మొదటి రాత్రే చేస్తాయి, చిక్కంతా అందులోనే ఉంది. కొన్ని వారాలకు ఒళ్లు అలవాటు పడి పావు గోలీ అర అవుతుంది, అర ఒకటవుతుంది. మానేసిన రాత్రి ముందుకంటే ఘోరంగా మెలకువ ఉంటుంది. దాన్ని చూసి "గోలీ లేకుంటే నాకు నిద్రే లేదు" అని మనిషి తేల్చేసుకుంటాడు. ఆ రాత్రి పట్టనిది జబ్బు వల్ల అనుకుంటాడు గానీ, చాలావరకు గోలీ ఆపడం వల్లే.

మన జిల్లాల్లో దీనికి ఇంకో కొస ఉంది. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తెగినప్పుడు నిజామాబాద్ వైపు ఆసుపత్రులకు నిద్ర పట్టక, వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వరుస కట్టారు. రోజూ ఆ కల్లు తాగే మనిషి మానేసి "నిద్ర పడుతలేదు" అంటే, అది ఇంట్లో ఓర్చుకునే వ్యవహారం అనుకోవద్దు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెలల తరబడి గోలీ వాడినవాళ్లూ అంతే: ఒక్కసారి మానొద్దు, డాక్టర్ చూస్తుండగా వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకోవాలి.

జోల్పిడెం మీద అమెరికా మందుల సంస్థ 2013లో ఆడవాళ్ల మోతాదును సగానికి, అంటే 5 మి.గ్రా.కు తగ్గించమంది. 2019లో నిద్రలోనే లేచి నడవడం, బండి తోలడం జరగవచ్చని పెట్టె కట్టి హెచ్చరించమంది. 65 దాటినవాళ్లకు ఈ గోలీలు ఇస్తే రాత్రి బాత్రూంకు లేచి పడి తుంటి విరిగే ప్రమాదం ఉంది. క్వార్టర్ మందు తాగి దాని పైన ఈ గోలీ వేసుకుంటే శ్వాసే ఆగవచ్చు. కొన్ని రోజుల గండం గడవడానికి డాక్టర్ రాస్తే వాడవచ్చు. సొంతంగా కొనడానికైతే సున్నా.

జలుబు గోలీ, దగ్గు మందు తాగి పండుకోవడం ఇంకా నాసి బేరం. మత్తు నాలుగైదు రోజుల్లోనే అరిగిపోతుంది, నోరెండిపోతుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దమనిషికి మూత్రం బిగుస్తుంది, ముసలివాళ్లకు మతి తప్పినట్టవుతుంది. అశ్వగంధ మీద చిన్న చిన్న అధ్యయనాలు కొంత మేలు చూపాయి గానీ, లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. థైరాయిడ్ గోలీ వాడేవాళ్లు, గర్భిణులు దూరంగా ఉండాలి. జాజికాయ పాలల్లో చిటికెడు వేసుకుంటే నష్టం లేదు, స్పూన్ల లెక్కన వేసుకుంటే విషమే.

పరుపు, కూలరు, స్లాబు

పరుపు నడుము నొప్పికి మందు, నిద్రలేమికి కాదు. నొప్పితో లేచేవాళ్లు మార్చుకోవచ్చు. మరీ గట్టి పలకలాంటి పరుపు నడుముకు మంచిదన్న మాట పాతబడింది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 313 మంది నడుము నొప్పివాళ్లలో మధ్యరకం గట్టి పరుపు మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ సుఖం దొరికింది. షాపులోనే వెల్లకిలా పండుకుని నడుము కింద చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి సులువుగా దూరి అటు తేలితే పరుపు మరీ గట్టిది, దూరనే దూరకపోతే మరీ మెత్తది. మెమరీ ఫోమ్ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. ఏసీ లేని ఇంట్లో మే నెలలో అది కుంపటే.

దూది పరుపు మన వాతావరణానికి నప్పుతుంది, గాలాడుతుంది. కానీ రెండు మూడేండ్లకు గడ్డలు కట్టి నడిమిట్ల గుంట పడుతుంది. మళ్లీ ఏకించి కుట్టించాలి. ఏకించేటప్పుడు మీ దూదిని మీ కండ్ల ముందర మిషన్‌కు ఎక్కించమనండి. లేకుంటే పాత బట్టల పీచు కలిసిన దూది లోపల చేరుతుంది. చేత్తో గుప్పెడు తీసి పిండి వదిలితే మంచి దూది పొంగి లేస్తుంది, కల్తీది అలాగే ముద్దగా ఉంటుంది.

వేడి సంగతి పరుపుకంటే ముఖ్యం. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పన్నెండు దాకా కక్కుతూనే ఉంటుంది. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటో, చవగ్గా సున్నమో వేయిస్తే ఇంట్లో తేడా తెలుస్తుంది. రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. కూలర్ కొన్నవాళ్లు చేసే తప్పు తలుపులూ కిటికీలూ బిగించడం. కూలరు ఒక కిటికీలో ఉంటే ఎదుటి కిటికీ జానెడు తెరిచి ఉండాలి. లేకుంటే గంటలో గదంతా ఉక్కపోత. జూన్‌లో వానలు పడ్డాక గాలిలో తేమ పెరుగుతుంది, కూలర్ చల్లదనం పోతుంది. అప్పుడు పంపు బంద్ చేసి ఉత్త ఫ్యాన్‌లాగా వాడుకోవాలి.

పైసా ఖర్చు లేనిది ఒకటుంది: పడుకునే గంటా రెండు గంటల ముందు 40 డిగ్రీల వేడి ఉన్న నీళ్లతో పది నిమిషాల స్నానం. వేడి నీళ్లకు చర్మం దగ్గరికి రక్తం వస్తుంది, ఆ తర్వాత లోపలి వేడి బయటికి పోతుంది. ఇది సగటున పది నిమిషాల దాకా ముందు నిద్ర పట్టించినట్టు 2019 నాటి ఒక విశ్లేషణలో తేలింది. మెలటోనిన్‌కంటే ఎక్కువే, చూడండి. పడుకోబోయే ముందే చేస్తే మాత్రం పని చేయదు.

వాచీ గురించి రెండు ముక్కలు చాలు. చేతి కదలికలు, గుండె వేగం చూసి ఊహించే వస్తువు అది. కదలకుండా మేలుకొని పడుకున్న గంటను నిద్ర కిందే రాస్తుంది. గాఢ నిద్ర, కలల నిద్ర అని చూపే రంగుల గీతలు ఆసుపత్రి పరీక్షతో సరిగ్గా కలవవు. పొద్దున లేచి బాగానే ఉన్న మనిషి, వాచీలో 61 మార్కులు చూసి దిగాలు పడతాడు. ఈ వాచీ దిగులుకు అమెరికా డాక్టర్లు 2017లోనే ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. నిద్రలేమి ఉన్నవాళ్లు కొనవద్దు, ఉంటే రాత్రి తీసి బీరువాలో పెట్టండి.

రూల్ నోట్‌బుక్కు, బల్ల గడియారం

అయిదుకు అయిదు దీనికే. నమ్మబుద్ధి కాదు గానీ, దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్సగా 2016లో అమెరికా ఫిజీషియన్ల కాలేజీ సిఫారసు చేసింది గోలీని కాదు, నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీఐ అనే పద్ధతిని. యూరప్ మార్గదర్శకాలూ అదే మాట చెబుతాయి. అందులో గుండెకాయలాంటివి రెండు. పక్క మీద గడిపే టైమును కత్తిరించడం స్పీల్‌మన్ పద్ధతి. పక్కను నిద్రకు తప్ప దేనికీ వాడకపోవడం 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పింది. రెండింటికీ కావలసింది ఒక రూల్ నోట్‌బుక్కు, పెన్ను, అలారం ఉన్న బల్ల గడియారం.

నోట్‌బుక్కులో అడ్డంగా ఎనిమిది గీతలు కొట్టండి: లైటు ఆపిన టైము, నిద్ర పట్టడానికి పట్టిన సేపు, నడిమిట్ల మెలకువగా ఉన్న మొత్తం సేపు, చివరి మెలకువ, పక్క దిగిన టైము, పగటి కునుకు, చాయ్ ఎన్నిసార్లు ఏ టైముకు, గోలీ గానీ మందు గానీ. పొద్దున లేచాక అరగంటలో నింపాలి. రాత్రి గడియారం చూసి రాయవద్దు, పొద్దున ఉజ్జాయింపుగా రాస్తే చాలు. ఉజ్జాయింపు తప్పినా ఏడు రోజుల సగటులో సర్దుకుంటుంది. గడియారం చూసి రాసేవాళ్లు రాత్రంతా లెక్కల్లోనే ఉంటారు.

ఒక వారం రాశాక ఇలా తేలిందనుకోండి: లైటు ఆపింది 9:30, నిద్ర పట్టడానికి గంటన్నర, నడిమిట్ల మెలకువలు కలిపి గంటా 20 నిమిషాలు, చివరి మెలకువ 5:30, పక్క దిగింది 6:30. పక్క మీద గడిపింది 9 గంటలు, అంటే 540 నిమిషాలు. నిద్రపోయింది 5 గంటల 10 నిమిషాలు, అంటే 310. 310ని 540తో భాగించి వందతో హెచ్చిస్తే 57 శాతం. మంచి నిద్ర మనిషికి ఇది 85 పైన ఉంటుంది.

ఇప్పుడు కోత. ముందు లేచే టైము ఖాయం చేయాలి, అది ఆదివారమైనా పండుగైనా కదలదు. 5:30 అనుకుందాం. నిద్రపోతున్నది 5 గంటల చిల్లర కాబట్టి పక్క మీద ఇచ్చేది అయిదున్నర గంటలు. అంటే పక్క ఎక్కేది రాత్రి 12కు. ఎంత తక్కువ నిద్రపోతున్నా 5 గంటలకంటే కిందికి కోయవద్దు. ఒక వారం ఇలా నడిపి మళ్లీ లెక్క వేయాలి. 85 శాతం, ఆ పైన వస్తే 15 నిమిషాలు కలిపి 11:45కు ఎక్కవచ్చు. 80కీ 85కీ నడుమ ఉంటే అదే టైము ఇంకో వారం. 80 దిగితే 15 నిమిషాలు ఇంకా కోయాలి. ప్రతి వారం గీత దాటితే ఆరో వారానికి 10:45 అవుతుంది. పగలు మగత లేకుండా పని నడిచే దగ్గర ఆగిపోవచ్చు, అందరికీ ఎనిమిది గంటలు రావాలనేం లేదు.

ఇది ఎందుకు పని చేస్తుందంటే, మేలుకొని ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఆకలిలాగానే నిద్రకూ ఒక ఆకలి ఉంది, తొమ్మిదింటికే పక్క ఎక్కితే ఆకలి కాకముందే విస్తరి ముందు కూర్చున్నట్టు. చాయ్‌లోని కెఫీన్ చేసేది ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోటును ఆక్రమించడమే. సాయంత్రం ఆరింటికి తాగిన దాంట్లో సగం రాత్రి పదకొండు దాకా ఒంట్లోనే ఉండవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఒక కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుందని, రోజుకు 300 దాటవద్దని చెప్పారు. నిద్రలేమి ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాత గ్లాసు ముట్టకుంటే మేలు. నోట్‌బుక్కులో ఏడో గీత అందుకే.

చెడిపోయేది ఎక్కడో కూడా తెలుసు. మొదటి రెండు వారాలు ఘోరంగా ఉంటాయి. పగలు మగత, చిరాకు, తలనొప్పి. చాలామంది ఫలితం కనబడకముందే ఇక్కడే వదిలేస్తారు. రెండో గండం రాత్రి తొమ్మిదిన్నరకు సీరియల్ ముందర సోఫాలో పడే కునుకు. ఇరవై నిమిషాల ఆ కునుకు రోజంతా పోగేసిన ఆకలిని తినేస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూర్చోవద్దు. అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం, మర్నాటి కూరగాయలు తరగడం లాంటి పని పెట్టుకోవాలి. మూడోది ఆదివారం: "ఇయ్యాల ఒక్క రోజే" అని ఎనిమిదింటి దాకా పండుకుంటే ఆ రాత్రి మళ్లీ మొదటికే.

రెండో పద్ధతి మన ఇండ్లలో కొంచెం మార్చుకోవాలి. పుస్తకాల్లో రాసేది ఇలా ఉంటుంది: ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకుంటే లేచి వేరే గదికి పో, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి రా. ఒక్క గది, హాలు ఉన్న ఇంట్లో నలుగురు వరసగా పండుకుంటే వేరే గది ఎక్కడిది? అందుకు కొత్తవాడ జంపఖానా ఒకటి వాడుకోవచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన వరంగల్ జంపఖానాలే, నేత గట్టిది, మడిస్తే చంకలో పడుతుంది. పక్కకు దూరంగా గోడవారగా పరిచి, అక్కడ కూర్చోవాలి, పండుకోవద్దు. చిన్న జీరో బల్బు వెలుగులో పాత వారపత్రిక, జపమాల, బియ్యంలో రాళ్లు ఏరడం, ఏదైనా సరే. ఫోన్ మాత్రం వద్దు. ఇరవై నిమిషాలన్నదీ ఉజ్జాయింపే. "ఇక పట్టదు" అని చికాకు మొదలైందంటే టైము అయినట్టే. కండ్లు మూతలు పడేదాకా కూర్చుని తిరిగి పక్క ఎక్కాలి. ఒక రాత్రిలో నాలుగుసార్లు లేవాల్సి వచ్చినా లేవాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, లేకుంటే "ఏమైంది, పానం బాగలేదా" అని అందరూ లేచి కూర్చుంటారు.

ఈ కోత అందరికీ పనికిరాదు. ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నిద్రలో నడిచే అలవాటున్నవాళ్లు డాక్టర్ చూడకుండా చేయవద్దు. లారీ, ఆటో తోలేవాళ్లు, స్తంభాలెక్కే కరెంటు పనివాళ్లు మొదటి రెండు వారాలు సెలవు దొరికినప్పుడే మొదలుపెట్టాలి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు షిఫ్టులు మారే సింగరేణి కార్మికులకు ఒకే లేచే టైము కుదరదు. వాళ్లకు వేరే లెక్క: రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేటప్పుడు నల్లద్దాలు, కిటికీకి మందపాటి పరదా, షిఫ్టు ఎక్కే ముందు గంటన్నర కునుకు, షిఫ్టు సగం దాటాక చాయ్ బంద్.

పైసలిచ్చి చేయించుకునేవాళ్లు

ఒంటరిగా నడపలేనివాళ్లకు సీబీటీఐ నాలుగు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో చేస్తారు. ఫోన్లో యాప్‌లు చాలా ఉన్నాయి గానీ ఎక్కువభాగం ఇంగ్లిషువే. నిద్ర కౌన్సెలింగ్ అని బోర్డు ఉన్నంత మాత్రాన అది సీబీటీఐ అయిపోదు. ఫీజు కట్టే ముందు రెండు మాటలు అడగండి: నిద్ర డైరీ రాయిస్తారా? పక్క మీది టైము తగ్గిస్తారా? రెండింటికీ అవునంటే కూర్చోండి. మెల్లటి సంగీతం, దీర్ఘ శ్వాస, గోడ మీద చంద్రుడి బొమ్మ మాత్రమే ఉంటే ఒళ్లు తేలికపడవచ్చు, ఆరు నెలల నిద్రలేమి పోదు.

పైసలు లేవంటే ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంది. పోయేటప్పుడు రెండు వారాల నోట్‌బుక్కు, వాడుతున్న గోలీల షీట్లు అన్నీ వెంట పట్టుకుపోవాలి. రద్దీలో దొరికే అయిదు నిమిషాల్లో డాక్టర్‌కు మీరు నోటితో చెప్పే దానికంటే ఆ పుస్తకమే ఎక్కువ చెబుతుంది. అర్ధరాత్రి బెంగతో మాట్లాడే మనిషి కావాలంటే టెలిమానస్ 14416కు చేయవచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాళ్లు కోర్సు నడపరు, విని, అవసరమైతే డాక్టర్‌కు పంపుతారు. నిద్రలేమి వెంట బతుకు మీద విరక్తి, చావు ఆలోచనలు ఉంటే నోట్‌బుక్కు పక్కన పెట్టి ముందు ఈ నంబరుకే చేయాలి.

గురక పరీక్ష ఎవరికంటే: పక్కవాళ్లు "ఊపిరి ఆగినట్టయితుంది" అన్నవాళ్లకు, పొద్దున తలనొప్పి ఉన్నవాళ్లకు, మందులు వేసినా బీపీ దిగనివాళ్లకు, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటినవాళ్లకు. ఇంటికే మిషన్ ఇస్తారు: ముక్కుకు చిన్న గొట్టం, వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు. గంటకు శ్వాస తగ్గిన, ఆగిన సార్లు 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఒక మెలిక ఉంది. ఇంటి మిషన్ చాలావరకు నిద్రపోయిన గంటలను కాక రికార్డయిన గంటలను లెక్కిస్తుంది. సగం రాత్రి మేలుకొని పడుకున్న మనిషికి ఆ అంకె తక్కువ చూపిస్తుంది. అనుమానం బలంగా ఉండి రిపోర్టు మామూలని వస్తే ల్యాబులో రాత్రి పరీక్ష అడగాలి. గురక ఉన్నవాళ్లకు నిద్రగోలీ రెట్టింపు ప్రమాదం.

పక్క ఎక్కంగనే కాళ్లు గుంజడం, కదిలిస్తే గానీ ఆగకపోవడం ఉంటే అది వేరే జబ్బు. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ రక్త పరీక్ష చేయించాలి, 75 దిగితే ఐరన్ ఇవ్వాలని డాక్టర్లు ఆలోచిస్తారు. ఐరన్ గోలీ వేసుకుని వెంటనే చాయ్ తాగితే గోలీ దండగ. అన్నానికి గంట ముందూ గంట తర్వాతా చాయ్ తాగొద్దని పోషకాహార సంస్థ చెప్పింది కూడా ఈ ఐరన్ కోసమే.

చివరగా గడియారం. ఫోన్ అలారం వద్దు, అది పక్కలోకి ఫోన్‌ను తెస్తుంది. బ్యాటరీతో నడిచే బల్ల గడియారం కొనండి. షాపులోనే చెవి దగ్గర పెట్టి వినండి, టిక్కు టిక్కు గట్టిగా వినబడేది వద్దు. చీకట్లో మెరిసే ముల్లులున్నదీ వద్దు. అలారం పెట్టాక మెత్త దగ్గర కాకుండా నాలుగడుగుల దూరంలో, మొహం గోడవైపు తిప్పి పెట్టండి.